గడ్డి మిషిన్‌కు తొక్కు పెట్టిన వైనం

మెదక్ పట్టణాన్ని నేనొక్కణ్ణే బంద్ చేయించాను. ఏ పార్టీ పిలుపూ లేదు, ఏ సంఘం తీర్మానమూ లేదు. ఒక తాడు గుంజాను, అంతే. షట్టర్లు దడదడమని పడ్డాయి, ఆటోలు మాయమయ్యాయి, నేను లేపిన పొగ రామాయంపేట దాకా కనిపించింది.

సరే, రామాయంపేట దాకా కాదు. బస్టాండు దాకా. అట్లా చూడకండి నన్ను, రోడ్డు మలుపు దాకా అనుకోండి. పట్టణమంతా కూడా కాదు, ఆ రోడ్డు మీదున్న నాలుగు దుకాణాలు. అందులో టైలర్ దుకాణం అంతకుముందే మూసి ఉందని మా ఆవిడ సత్తెమ్మ పక్కనుంచి అందిస్తోంది. అయినా షట్టర్లు పడ్డ మాట నిజం. పడేసింది నేనన్న మాట ఇంకా నిజం.

అవి తెలంగాణ కోసం రోడ్లు ఉడుకుతున్న రోజులు. పొద్దున లేస్తే మనిషి మనిషిని "చాయ్ తాగినవా" అని అడగడం మానేసి "ఇయ్యాల బంద్ ఉన్నదా" అని అడిగేవాడు. రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే ఆటపాటలు, రోడ్డు మీదే టైర్ల మంటలు. ఎక్కడైనా పొగ లేచిందంటే దుకాణదారు చెయ్యి దానంతటదే షట్టరు మీదికి పోయేది, దోమ కుట్టినచోటికి పోయినట్టు.

నా దోస్తు యూసుఫ్ భాయ్‌కి హవేలిఘనపూర్ పోయే రోడ్డు మీద ఒక ఫంక్షన్ గార్డెన్ ఉండేది. వెనకటికి పెండ్లంటే ఇంటిముందు పచ్చటి పందిరి వేస్తే సరిపోయేది. చేతుల్లో పైసలు ఆడటం మొదలయ్యాక జనానికి పచ్చగడ్డి మీద తెల్లకుర్చీలు కావలసి వచ్చాయి. యూసుఫ్ భాయ్ వరి పండే మడిని చదును చేసి గడ్డి పెంచాడు. దాన్ని కత్తిరించడానికి సికింద్రాబాద్ నుంచి ఎర్రటి చిన్న పెట్రోల్ మిషిన్ తెచ్చాడు. తాడు గుంజితే చాలు, బుర్రుమని లేచేది. వెనక పట్టుకుని తోసుకుంటూ పోతే గడ్డి తివాచీ పరిచినట్టయ్యేది. దాన్ని చూడటానికి జనం గోడెక్కి కూర్చునేవాళ్లు. నేనైతే గోడ దిగి, ఒకసారి నేనే తాడు గుంజాను. ఒక్క గుంజుకు లేచింది. ఆనాటి నుంచి మెదక్‌లో ఇంజన్ల సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నేనే చాటింపు వేశాను.

ఉద్యమం ఉధృతమయ్యేసరికి పెండ్లిళ్లు చల్లబడ్డాయి. లారీలు కదలవు, వంటవాళ్లు రారు, చుట్టాలకు బస్సుల్లేవు. గార్డెన్‌కు తాళం పడింది. వానల ముందు యూసుఫ్ భాయ్ మిషిన్‌ను రిక్షాలో వేసుకుని మా ఇంటికొచ్చాడు.

"నర్సింలన్నా, నా షెడ్డు కురుస్తున్నది. మళ్ల పెండ్లిళ్లు మొదలయ్యేదాంక ఇది నీ దగ్గర పెట్టుకో. నీకు ఇంజన్లు ఎరికే గదా."

"ఎరికేనా? ఇంజన్ నన్ను జూస్తే అదే లేచి నిలబడ్తది భాయ్!"

"గా దుకాణమాయన జెప్పిండు, చానా దినాలు పెట్టేదుంటే పెట్రోల్ అంత తీసెయ్యమని. నూనె గూడ గీత వరకే ఉండాలెనట."

"సరే సరే," అన్నాను, దుకాణమాయన ముక్కుముఖం తెలియకపోయినా ఆయన మీద జాలిపడుతూ.

ఇక్కడ మీరు మా ఇంటి అర్ర సంగతి తెలుసుకోవాలి. నడిమింటి వెనక చీకటి గది. అందులో సత్తెమ్మ తొక్కు జాడీలు వరసగా ఉంటాయి. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు, నిమ్మకాయ. రెండేళ్ల తొక్కు కూడా నిన్న పెట్టినట్టుండేది. సత్తెమ్మ కోడళ్లకు ఎన్నిసార్లు చెప్పిందో, నాకు కంఠతా వచ్చేసింది. తడి చెయ్యి తగలొద్దు. నూనె పైకి తేలాలె. మూతికి బట్ట కట్టాలె. వెలుతురు సోకని జాగల పెట్టాలె. మధ్యల మధ్యల కదపొద్దు.

మిషిన్‌ను ఆ జాడీల పక్కన పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని ఆలోచించాను. పెట్రోల్ తీసెయ్యాలట! ఖాళీ జాడీకి బూజు పట్టదా? నూనె గీత వరకేనట! నూనె తక్కువైన తొక్కు ఏమవుతుందో సత్తెమ్మను అడగమనండి. సికింద్రాబాదులో దుకాణం పెట్టినంత మాత్రాన నిలువ చేసే విద్య వస్తుందా? బంకుకు పోయి ఇంజన్ ఆయిల్ డబ్బా తెచ్చాను. చెయ్యి మూడుసార్లు తుడుచుకున్నాను. నూనె మూతి దాకా, ఇంకొక్క చుక్క పట్టదన్నంత దాకా పోశాను. పెట్రోల్ టాంకీ కూడా నిండా నింపాను. మూతుల మీద సత్తెమ్మ పాత చీర చింపి కట్టు కట్టాను. జాగా చాలక మిషిన్‌ను గోడకు నిలువుగా నిలబెట్టాను. దండం ఒక్కటే పెట్టలేదు. నిజం చెప్పాలంటే అదీ పెట్టాను.

వానలు పోయాయి, చలి వచ్చిపోయింది. సమ్మెలు కాస్త సద్దుమణిగాయి. ఒకరోజు మధ్యాహ్నం యూసుఫ్ భాయ్ రొప్పుకుంటూ వచ్చాడు.

"నర్సింలన్నా, హవేలిఘనపూర్ దిక్కు అంతిరెడ్డి పటేల్ లేడా, ఆయన బిడ్డ పెండ్లి ఉన్నది. పొద్దుగూకే యాళ్లకు గార్డెన్ జూస్తందుకు వస్తుండు. ఇది నచ్చకుంటే రామాయంపేటల చేస్తరట."

"నచ్చకేం చేస్తది?"

"గడ్డి మోకాలంత పెరిగింది! దాని మీద పెండ్లి గాదు, ఎద్దులను మేపొచ్చు. ఈ ఒక్కటి గిన పోయిందనుకో, ఇగ నాతోని గాదు. గడ్డి పీకించి మళ్ల నాట్లేపిస్త. ఇంట్ల గూడ జెప్పేసిన."

యూసుఫ్ భాయ్ ఏడ్చే మనిషి కాదు. కానీ ఆ మాట అంటూ నా ముఖంలోకి చూడకుండా గోడ మీది కాలెండర్ చూశాడు. నేను ఛాతీ విరిచాను.

"గంటల తివాచీ పరుస్త, ఫికర్ చెయ్యకు!"

మిషిన్‌ను రిక్షాలో గార్డెన్‌కు తీసుకెళ్లాం. కట్టు విప్పాను. వాసన గుప్పుమంది. పెట్రోల్ వాసన కాదు, పాత వార్నిషు డబ్బాలో పులుసు కాచినట్టు.

"గిదేం వాసన?" అన్నాడు యూసుఫ్ భాయ్.

"మాగింది," అన్నాను.

తాడు గుంజాను. కదలలేదు. ఇంజన్‌కు బదులు నేను కదిలాను. మళ్లీ గుంజాను. భుజంలో ఏదో కలుక్కుమంది.

"నిన్ను జూస్తే లేచి నిలబడ్తదంటివి?"

"సిగ్గు పడుతున్నది భాయ్, జర ఆగు."

యూసుఫ్ భాయ్ పాత పెట్రోల్ పారబోసి తన స్కూటర్లోది తీసి పోశాడు. ఇద్దరం ఒకరి తర్వాత ఒకరం గుంజాం. అరచేతులు ఎర్రబడ్డాయి. పొద్దు వాలుతోంది. చివరికి కళ్లు మూసుకుని, మా తాతలను ఒక్కొక్కరిని తలుచుకుని గుంజాను. దడ్! అది లేచింది.

లేచింది అంటే, లేచింది పొగ. దూదిలాంటి తెల్లపొగ గుప్పుగుప్పున వచ్చి ముందు మిషిన్‌ను మింగింది, తర్వాత నన్ను, ఆ తర్వాత యూసుఫ్ భాయ్‌ని. నేను ఆపాలి కదా? ఆపలేదు. మళ్లీ లేవదేమోనన్న భయంతో ఆ పొగలోనే దాన్ని తోసుకుంటూ పోయాను. ఎటు పోతున్నానో నాకు తెలియదు, గడ్డికీ తెలియదు.

"ఆపు! ఆపు అన్నా!" యూసుఫ్ భాయ్ గొంతు ఎక్కణ్ణుంచో వస్తోంది.

పొగ గోడ దాటి రోడ్డెక్కింది. దడదడమని షట్టర్లు పడ్డాయి. ఆ చప్పుడు వింటూనే యువకుల గుంపొకటి గేటులోకి దూసుకొచ్చింది.

"జై తెలంగాణ! అన్నా, రాస్తారోకోనా? మాకెవ్వలు చెప్పలే!"

"కాదురా అయ్యా, గడ్డి కోస్తున్న!"

"గడ్డికెందుకే గింత పొగ? టైర్ యాడున్నది?"

టైరు లేదని తెలిసి వాళ్లు చాలా నిరాశపడ్డారు. అంతలో ఇంజన్ ఒక్క దగ్గు దగ్గి దానంతటదే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో రోడ్డు మీద జీపు వెనక్కు తిరుగుతున్న చప్పుడు.

"పటేల్ జీపు!" యూసుఫ్ భాయ్ ముఖం పాలిపోయింది. "బంద్ అనుకొని పోతుండు!"

జీవితంలో నేను అంత వేగంగా ఎప్పుడూ ఉరకలేదు. గుర్రంలా ఉరికాను. సరే, గుర్రం కాదు, తరిమిన బాతులా ఉరికి జీపుకు అడ్డం నిలబడ్డాను. ముఖమంతా నూనె, తల మీద గడ్డి. అంతిరెడ్డి పటేల్ అద్దం దించి నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు.

"ఎవలు నువ్వు? బంద్ గదా, పోనియ్యి."

"బంద్ లేదు పటేలా! రాండ్రి, లోపటికి రాండ్రి, చాయ్ తాగుండ్రి!"

ఆయన దిగాడు. కుర్చీ వేశాం. పొగ పలచబడి గడ్డి మీద మంచులా తేలుతోంది. పటేల్ చాయ్ తాగుతూ చుట్టూ చూశాడు. మోకాలంత గడ్డి మధ్యలో నేను కోసిన దారి ఒకటి, పాము పాకినట్టు వంకరటింకరగా పోయి గోడకు తగిలి ఆగింది.

"గదేంది?"

యూసుఫ్ భాయ్ కళ్లు మూసుకున్నాడు. నా నోరు నాకంటే ముందే లేచింది.

"పెండ్లికొడుకు వచ్చే తోవ పటేలా. కొత్త ఫ్యాషన్. సక్కగ వస్తే ఫొటోలు మంచిగ రావట."

పటేల్ ఆ తోవను గోడ దాకా చూశాడు. ఇంకో చాయ్ అడిగాడు. పొద్దు గూకింది, చీకటి పడుతోంది. ఆయన లేవడు. మోచేతులు చూసుకున్నాడు, చెవి దగ్గర గాలిని విన్నాడు.

"యూసుఫ్, ఈడ పక్కపొంటి వరిమళ్లే గదా?"

"అవు పటేలా," అన్నాడు యూసుఫ్ భాయ్ నేరం ఒప్పుకున్నట్టు.

"మరి ఒక్క దోమ లేదేంది? మొన్న రామాయంపేటల గార్డెన్ జూస్తందుకు పోతే దోమలు మమ్ములను ఎత్తుకపోయినంత పని చేసినయ్. మీరు మందు పొగ పెట్టిచ్చిండ్రు గదా? గిదీ బందోబస్తంటే! గడ్డి గిట్ల మీరే సూసుకోండ్రి. పెండ్లి ఈడ్నే. కాని పెండ్లినాడు గా పొగ మిషిన్ మాత్రం పెట్టాలె, ముందే చెప్తున్న."

జీపు పోయాక యూసుఫ్ భాయ్ నన్ను కావలించుకున్నాడు. ఇద్దరి నూనె ఒకటైంది.

మర్నాడు మిషిన్‌ను రామాయంపేట మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన మూత తీసి, నూనె చూసి, నన్ను చూశాడు.

"ఎవలు పోసిండ్రు గింత?"

"నిలువుంటదని..." అన్నాను.

"మరి ఉప్పెందుకు మర్శిపోయినవ్?"

ఈ మాట యూసుఫ్ భాయ్ ద్వారా సత్తెమ్మకు చేరింది. ఆమె వారం రోజులు నన్ను "మెంతిపిండి కావాల్నా" అని అడిగింది.

మిషిన్ బాగైంది. అదే చిక్కు. ఇప్పుడది తివాచీ పరుస్తుంది కానీ పొగ ఒక్క పోగు కూడా విడవదు. యూసుఫ్ భాయ్ నా భుజం మీద చెయ్యి వేసి చాలా మెల్లగా చెప్పాడు. "పటేల్‌కు మాటిచ్చినం నర్సింలన్నా. పొగ మిషిన్ లేదు. నువ్వున్నవ్."

పెండ్లినాడు నేను కొత్త చొక్కా వేసుకుని, గార్డెన్ గోడ వెనక, ఇనుప గంపలో పిడకలూ వేపాకూ వేసి ఊదుతూ కూర్చున్నాను. అటుపక్క బాజాలు, మటన్ వాసన, నవ్వులు. ఇటుపక్క నేను, నా కన్నీళ్లు. భోజనాలు సగమయ్యాక ఎవరో గోడ పక్కకు వచ్చిన అలికిడి. అంతిరెడ్డి పటేల్! వెనక సత్తెమ్మ, చేతిలో విస్తరాకు.

పటేల్ గంపను చూశాడు, నన్ను చూశాడు. ముఖంలో నవ్వు లేదు.

"మిషిన్ మంచిగ నడుస్తున్నది. దీనికేం నూనె పోస్తరు?"

నేను నోరు తెరిచేలోపే సత్తెమ్మ అందుకుంది.

"దీనికి నూనె పొయ్యొద్దు పటేలా, అన్నం పెట్టాలె. పొద్దటి సంది ఏం తినలే."

అప్పుడు నవ్వాడు చూడండి పటేల్, బాజాలు ఆగిపోయాయి. సరే, బాజాలు ఆగలేదు. కానీ మటన్ మాత్రం రెండుసార్లు వడ్డించారు.

అందుచేత, కొత్త చొక్కాకు ఇంకా పోని ఆ పొగవాసన సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ బొందిలో ప్రాణముండగా ఏ ఇంజన్‌కూ తొక్కు పెట్టను. పని కాగానే టాంకీలో పెట్రోల్ తీసేస్తాను, మిగిలింది అయిపోయేదాకా నడిపి ఆపుతాను, నూనె గీత దాటనివ్వను, నిలువుగా నిలబెట్టను, దండం పెట్టను. నమ్మకపోతే మా అర్రలోకి వచ్చి చూడండి, యూసుఫ్ భాయ్ మిషిన్ ఇప్పటికీ వానాకాలంలో అక్కడే ఉంటుంది. ఒక మూల మిషిన్, ఒక మూల జాడీలు, తలుపుకు తాళం.

తాళంచెవి సత్తెమ్మ కొంగుకు ఉంటుంది. నన్నడిగి లాభం లేదు.