'జరిగిపాయ' అనే మాట

మా చిన్న చెల్లెలు పోయి ఇరవై రోజులైంది. ఉదయం పూజలో ఉండగా ప్రొద్దుటూరు ఆసుపత్రి నుంచి ఆమె భర్త ఫోన్ చేశాడు. "గుండె ఆగిపాయ వదినా," అన్నాడు. దీపంలో నూనె పోసి బయలుదేరాను.

చెల్లెలు కాలేజీలో సైకాలజీ చెప్పేది. నేరం చేసిన మనిషి తన నేరాన్ని ఏ మాటల్లో చెప్పుకుంటాడన్నది ఆమె పరిశోధన. శిక్ష ముగించుకుని ఇళ్లకు వచ్చినవాళ్లను వెతుక్కుంటూ జమ్మలమడుగు, పులివెందుల వైపు పల్లెలకు బస్సుల్లో తిరిగేది. సంచిలో నోటుబుక్కు, నీళ్ల సీసా, బొరుగులు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాకే రాసుకునేది.

"నరికినోళ్లతో ఏంది నీకు ముచ్చట్లు? ఇంట్లో మొగుడు లేడా?" అని మా పెద్దమ్మ ఎత్తిపొడిచేది.

"మా ఆయన చేతిలో గ్లాసు పగిలినా 'పగిలిపాయ' అంటాడు పెద్దమ్మా. ఆయనతోనే మొదలుపెట్టినా ఈ పని."

ఒకసారి నన్ను వెంట తీసుకెళ్లింది. ఊరు చెప్పను. అరవై దాటిన మనిషి, పొలం గట్టు తగాదాలో హత్య చేసి జైలుకు పోయి వచ్చినవాడు. ఎందుకు చంపావని ఆమె అడగలేదు.

"ఆ పొద్దు ఏం తింటివి మామా?"

"సంగటి, ఊరిబిండి." అక్కడి నుంచి మెల్లగా గట్టు దాకా వచ్చాడు. "మాటామాటా పెరిగె. కొడవలి లేసె. జరిగిపాయ."

చెల్లెలు కలం ఆపింది. "కొడవలి దానంతటదే లేసెనా మామా?"

ఆయన కసురుకుని లేచిపోయాడు.

తిరుగు బస్సులో అంది: "ఆ కతలో కోపముంది, కొడవలి ఉంది, మనిషే లేడు అక్కా. 'నేను' అనే మాట రావల్ల. అది రాకుంటే ఇన్నేళ్ల జైలూ దండగే."

ఆ ఒక్క మాట కోసం ఆ గడప ఎన్నిసార్లు తొక్కిందో. చివరకొకనాడు ఆయన, "నేనే నరికినా తల్లీ," అని ఏడ్చాడట. ఆ మాట పదిమందికీ చెప్పమని ఆయనే అన్నాడట. మిగతాదేదీ ఆమె నాకు చెప్పలేదు. ఆమె పోయాక నా దగ్గరకొచ్చిన ఆ నోటుబుక్కులు నేను తెరవలేదు.

చెల్లెలు పోయిన పదకొండో రోజున, ఆ గట్టు మీద చనిపోయినవాడి తమ్ముడు మా ఇంటికొచ్చాడు.

"నీ చెల్లెలు రాసిన బుక్కులు యాడుండాయి? మా అన్నను నరికిన పొద్దు వాని వెంట ఎవరుండిరో చూసి ఇచ్చేస్తా."

"చూసి ఏం చేస్తావప్పా?"

"కొందరు మిగిలిండారు గదా."

పక్కనే ఉన్న మరిది, చెల్లెలి భర్త, నా వైపు చూశాడు. బుక్కులు 'కాలిపాయ' అంటే ఆ పూటకు గడిచిపోయేది. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ అందులో నేను లేను.

"నా దగ్గరే ఉండాయి. నేనే దాచినా. నేను ఇయ్యను."

"ఆడమనిషివని మర్యాదగా అడుగుతాండా."

"నేనూ మర్యాదగానే చెప్తాండా. మళ్లా వచ్చినా ఇదే మాట."

కాఫీ ముట్టకుండా లేచిపోయాడు. నేను గ్లాసు తీశాను.

"కాల్చేద్దాం వదినా," అన్నాడు మరిది. ఒప్పుకోలేదు. మనుషులు నమ్మి చెప్పిన మాటలకు నేను నిప్పు పెట్టను.

పుస్తకాలు ఆమె చీరలో చుట్టి బీరువాలో పెట్టాను. తాళంచెవి నా కొంగుకు ఉంది. రోజూ వంగి దీపం వెలిగించేటప్పుడు అది ఇత్తడి పళ్లేనికి తగిలి ఖంగుమంటుంది.