మామా ఇచ్చిన సెలవు

కువైట్‌లో మా సల్వా వీధిలో ఐరోపా పోయి హాస్టల్లో పండుకొనొచ్చిన పనిమనిషిని నేనొక్కదాన్నే. గొప్పకు చెప్పడం లేదు. ఎవరన్నా ఆ మాటెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండతాది.

మాది రాయచోటి పక్క. మొగుడు పోయినాక, పాలు మరవని బిడ్డను మా అక్క ఒళ్ళో పెట్టి కువైట్‌కు వచ్చేసినా. అక్కకు పిల్లల్లేరు. బిడ్డకు మాటలొచ్చినాక అక్కనే అమ్మా అనింది. నేను ఫోన్లో కనపడే కువైట్ చిన్నమ్మను. మొదట్లో అందరం నవ్వుకున్నాం. పోనుపోను ఆ నవ్వు పోయింది. బడికి పోయే ఈడొచ్చింది, ఈ ఏడు నువ్వొచ్చి పక్కన కూర్చుంటే ఇద్దరం కలిసి నిజం చెప్దాం, ఇంకా ముదిరితే నాకు నోరు రాదు అనింది అక్క. అందుకే నాకు ఈ ఏడు సెలవు కావాల్సొచ్చింది. తక్కినవన్నీ దాని తర్వాతే.

మా ఇంటి యజమానురాలిని మామా అంటాం. అడిగితే ఒప్పుకునింది. కాకపోతే ఎండలకు ఇంటిల్లిపాదీ వియన్నా పోతాండాము, చిన్నపిల్లలిద్దరినీ చూసుకునేదానికి నువ్వు రావాల, తిరిగొచ్చినాక నీ సెలవు అనింది. సరే అంటి. కాదనేదానికి నేనెవరు? నా పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంది.

వియన్నాలో పిల్లల గదిలో నాకొక మంచం అనుకున్నారు. తీరా బయల్దేరే ముందర మామా వాళ్ళమ్మ నేనూ వస్తానని పట్టుబట్టింది. నా మంచం ఆమెకు పోయింది. ఆ హోటల్లో ఇంకో గదంటే వాళ్ళకు కూడా బరువే. మామా మొగుడు, మేం బాబా అంటాం, ఫోన్లో వెతికి, రెండు వీధుల అవతల చౌకగా ఒక హాస్టల్ పట్టినాడు. మామా వచ్చి అక్కడ నా పాస్‌పోర్టు చూపించి, మళ్ళీ తన సంచిలోనే వేసుకునింది.

హాస్టలంటే మన బీసీ హాస్టల్ అనుకునేరు. ఒక గదిలో ఆరుగురు ఆడోళ్ళు, మంచం మీద మంచం. నాకు పైది వచ్చింది. నైటీ ఏసుకొని ఆ ఇనుప నిచ్చెన ఎక్కాలంటే సచ్చినంత పని. తువ్వాలుకు కూడా బాడుగంట! నాతో ఉన్న పిల్లలంతా ఇరవై ఏళ్ళోళ్ళు, తమంత సంచులు వీపున మోసుకొని ఊర్లు తిరగతాండారు. కువైట్‌లో ఫర్వానియా పక్క మనోళ్ళు ఇట్లాంటి గదుల్లోనే ఇరుక్కోని పండుకుంటారు, దాన్ని కష్టమంటాం. ఈ పిల్లలు దాన్నే సరదా అంటారు. ఏం లోకమప్పా ఇది.

తెల్లారకముందే మెలకువొచ్చే అలవాటు నాకు. ఊరికే కూర్చోలేక బాత్‌రూమ్ కడిగినా. చూసినోళ్ళు నన్ను హాస్టల్ పనిమనిషే అనుకున్నారు. ఒక పిల్ల తడి తువ్వాలు తెచ్చి, ఎంతో మర్యాదగా నవ్వి, నా చేతిలో పెట్టింది. తీసుకున్నా. తీసుకోక ఏం చేస్తా, నాకు భాషొస్తదా? సాయంత్రం నేను పై మంచం ఎక్కతాంటే చూసి ఆ పిల్ల మొగం ఎర్రగైపోయింది. మరుసటి రోజు నా దిండు మీద ఒక ఆపిల్ పెట్టింది. పాపం, మంచి పిల్లే.

పొద్దున్నే హోటల్‌కు పోతానే మామా అడిగేది, హాస్టల్ ఎట్లుందని. జేన్ మామా, అనేదాన్ని. జేన్ అంటే బాగుందని. కువైట్ వచ్చే ఆడోళ్ళకు మొదట నేర్పించే మాట ఇదే. నన్ను తెచ్చిన మా ఊరామె విమానంలోనే చెప్పింది. తిండి ఎట్లుందంటే జేన్, గది ఎట్లుందంటే జేన్, కడుపులో నొప్పి మెలిపెడతాన్నా జేన్. నోరు మంచిదైతే ఊరు మంచిదంట. బాగలేదంటే ఆ పొద్దే ఏజెంటు ఆఫీసుకు తోలేస్తారు. అందుకని మెత్తని మంచం మామా, పిల్లలు మంచోళ్ళు, ఆపిల్ కూడా ఇచ్చినారు అని ఇంకాస్త కలిపి చెప్పినా. మామా సంతోషపడింది.

మొత్తం అబద్ధమూ కాదు. సాయంత్రాలు పిల్లలంతా ఊరు చూసేదానికి పోతే గదిలో నేనొక్కదాన్నే. పిలిచేవాళ్ళు లేరు. పై మంచం మీద పండుకొని, మొగానికి తగిలేంత దగ్గరున్న బిడ్డకు చెప్పాల్సిన మాట ఆ పైకప్పుకు చెప్పి చూసుకునేదాన్ని. నేను చిన్నమ్మను కాదు తల్లీ, అని మొదలుపెడితే చాలు, ఏడుపు తన్నుకొచ్చేది. ఏడ్చి ఏడ్చి, కడాకు ఏడవకుండా చెప్పేదానికి నేర్చుకున్నా.

సల్వాకు తిరిగొచ్చినాము. పెట్టెలు సర్ది, గుడ్డలన్నీ ఉతికి, టికెట్టు ఎప్పుడు మామా అని అడిగినా. ఆమె వింతగా చూసింది.

"సెలవా? ఇచ్చినా కదా," అనింది. "హాస్టల్లో పెట్టినాము, సాయంత్రాలన్నీ నీకే వదిలినాము. మంచం మెత్తన, మనుషులు మంచోళ్ళు, అంతా జేన్ అని నువ్వే చెప్పితివి. పనిమనిషిని ఐరోపాకు సెలవు మీద పంపేవాళ్ళు ఇంకెవరన్నా ఉన్నారా?"

కోపంగా అనింటే ఓర్చుకునేదాన్నేమో. ఆమె నిజంగానే అట్లనుకునింది. నా బిడ్డ మామా, అన్నా. నాకు బిడ్డుందని ఆమెకు తెలుసు. ఆ బిడ్డకు నేనెవరో తెలీదని మాత్రం నేనెన్నడూ చెప్పలేదు, ఏ మొగం పెట్టుకొని చెప్పేది? "వచ్చే ఏడు, ఇన్షా అల్లా. ఖలాస్," అని లేచిపోయింది. ఖలాస్ అన్నాక ఆ ఇంట్లో ఇంకో మాట ఉండదు.

శుక్రవారం అక్కకు ఫోన్ చేసినా. బిడ్డ బడి గుడ్డలేసుకొని ఫోను ముందర గిరగిరా తిరిగి చూపించింది. బాగుండానా చిన్నమ్మా అని అడిగింది. బాగుండావు అన్నా. అక్క ఫోను తీసుకొని పెరట్లోకి పోయింది. సెలవు సంగతి చెప్పినా. అయితే మళ్ళీ ఏడుకు చెప్దామా అనింది.

"వద్దులే అక్కా," అన్నా. "ఇంక ఎప్పుడూ చెప్పొద్దు. నువ్వే దానికి అమ్మవు."

కాదంటాదేమోనని ఫోను చెవికి ఆనించుకొని అట్లే నిలబడినా. అక్క కాదనలేదు.