ఎగ్బర్ట్‌కి కార్డు గిట్టదు

ఎగ్బర్ట్‌కి కార్డు పొడ గిట్టదు. జర్మనీలోని తన ఊరు రెగెన్స్‌బర్గ్‌లో రొట్టె కొన్నా, రైలెక్కినా, పన్ను పీకించుకున్నా ఆయన ఇచ్చేది రొక్కమే. చొక్కాలో నోట్లు, మేజోళ్ళలో నోట్లు, టోపీ లోపల నోట్లు. చిల్లర బరువుకి ప్యాంటు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని నడుస్తాడే తప్ప కార్డు ముట్టడు.

"ఆ ముక్క తాకిస్తే డబ్బు పోయినట్టే తెలీదు. నోటిస్తే గుండె చివుక్కుమంటుంది. అలా చివుక్కుమంటేనే మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు" అంటాడు.

అలాంటి మహానుభావుడు ఎక్కడికి బయల్దేరాడయ్యా అంటే, స్వీడన్‌కి! అక్కడ నోటు చూపిస్తే మనకేదో జబ్బు చేసినట్టు జాలిగా చూస్తారు.

నిజానికి ఆ ప్రయాణం చెల్లెలు ఇర్మాది. భర్త డెట్లెఫ్‌తో ముప్ఫై వేసవులు గడిపిన చిన్న దీవి అక్కడుంది. ఆయన పోయిన దగ్గర్నుంచి ఆ దీవి మీద బెంగ ఆమెను తినేస్తోంది. వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటుంది, వెళ్ళాలంటే భయం. మనుషులతో మాట్లాడటమే మానేసింది. కొట్లో కూడా మనిషి కూర్చున్న వైపు పోకుండా, యంత్రానికి కార్డు తాకించి మౌనంగా వచ్చేసేది.

"ఖర్చంతా నాది. నీ కార్డు ఇంట్లో పడేసి రా" అన్నాడు అన్నయ్య. వాదించే ఓపిక లేక పడేసి వచ్చింది.

గోథెన్‌బర్గ్‌లో దిగీ దిగగానే మొదలైంది. కాఫీ కొట్టు అమ్మాయి నోటు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఏమంటోంది?"

"కార్డే కావాలట అన్నయ్యా."

"ఇది వాళ్ళ డబ్బేగా! వాళ్ళ డబ్బు వాళ్ళకే చేదైందా?"

"అబ్బా, అరవకు!"

"సరే, ఆ వెనకున్నాయన్ని అడుగు. మనకోసం కార్డు తాకిస్తే ఈ నోటు ఆయన చేతిలో పెడతాం. నాకీ భాష రాదు, నీకొచ్చు."

"నేనా? సిగ్గుతో చస్తాను."

"కాఫీ తాగాక చద్దువుగాని, అడుగు."

ఇర్మా అడిగింది. గొంతు బొంగురుపోయి ఎవరిదోలా వినిపించింది. ఆ మనిషి పకపకా నవ్వి కార్డు తాకించాడు. తన నాయనమ్మ పిండి డబ్బాలో నోట్లు దాచేదని, ఓసారి ఆ నోట్లతోనే అట్లు పోసిందని చెప్పుకొచ్చాడు. ఇర్మాకి నవ్వాగలేదు.

ఆ తర్వాత ట్రాములో కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకున్నావిడ టికెట్లు తీసిపెట్టింది. ఆ తర్వాత మరుగుదొడ్డి. దాని తలుపు కూడా కార్డు అడిగింది! ఎగ్బర్ట్ ఒంటికాలి మీద గెంతుతున్నాడు.

"ఒసేయ్ ఇర్మా, ఎవరినో ఒకర్ని పట్టవే! కొంప మునుగుతోంది!"

దారినపోయే ఇద్దరమ్మాయిల్ని ఆమె పరిగెత్తి పట్టుకుంది. వాళ్ళు తలుపు తెరిపించడమే కాదు, పెద్దాయన క్షేమంగా బయటికొచ్చేదాకా నిలబడి చప్పట్లు కూడా కొట్టారు.

పడవల రేవుకి వచ్చేసరికి మాత్రం ఇర్మా ఆగిపోయింది. దూరంగా దీవి కనిపిస్తోంది.

"ఇక్కణ్ణుంచే చూసి వెళ్ళిపోదాం అన్నయ్యా. అక్కడ డెట్లెఫ్ లేడుగా."

ఎగ్బర్ట్ ఆమె ముఖంలోకి చూసి, తన కోటు విప్పి ఆమెకు కప్పాడు. పడవ ఎప్పుడొస్తుందో కనుక్కొస్తానని రాని భాషలో చేతులు తిప్పుకుంటూ వెళ్ళాడు.

చలికి ఇర్మా కోటు జేబులో చెయ్యి పెట్టింది. గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే కార్డు! ఎగ్బర్ట్ పేరుతోనే ఉంది. బ్యాంకువాళ్ళు అంటించిన కాగితం కూడా ఊడని కొత్త కార్డు.

ఆమెకు ముందు ఒళ్ళు మండింది. పొద్దుటినుంచీ నన్ను వీధిన పెట్టి అడుక్కునేలా చేశాడే! తర్వాత కాఫీ మనిషి, కుక్కపిల్లావిడ, చప్పట్లు కొట్టిన అమ్మాయిలు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఏడాదిగా మాట్లాడనన్ని మాటలు ఈ పూటలో మాట్లాడింది. ఆపద వస్తే పనికొస్తుందని తనకు గిట్టని కార్డును జేబులో మోస్తూ, అది లేనట్టు గెంతాడు పిచ్చి అన్నయ్య. డెట్లెఫ్ పోయాక మొదటిసారి ఎవరినైనా గట్టిగా కావిలించుకోవాలనిపించింది.

కార్డు జేబులోనే పెట్టేసింది.

"వెళ్ళిపోదామా మరి?" ఎగ్బర్ట్ వచ్చి మెల్లిగా అడిగాడు.

"ఉండు." ఇర్మా వరసలో నిలబడ్డ ముసలావిడ దగ్గరికి నడిచింది. "అమ్మా, మా అన్నయ్యకి కార్డంటే పడదు. మాకు రెండు టికెట్లు తీసిపెడతారా? నోట్లిస్తాం. మీరూ దీవికేనా? మా ఆయనకి ఆ దీవంటే ప్రాణం. ఆయన ఉన్నప్పుడు..."

పడవ వచ్చి ఆగింది. వాళ్ళ కబుర్లు మాత్రం ఆగలేదు.

"రెండు టికెట్లకి ఇంత వాగుడా!" అని విసుక్కుంటూ ఎగ్బర్ట్ ఇద్దరి సంచులూ భుజాన వేసుకున్నాడు.