అక్క ఇంటికి గుట్ట దారి

ఈమధ్య ఆదివారం పొద్దున్నే కొందరు కార్లు దిగి, చేతికో కర్ర, వీపుకో సంచీ తగిలించుకుని మా గుట్ట ఎక్కడానికి వస్తున్నారు. ఊరికే నడవడానికట. ఫిల్మ్ నగర్ వెనక, జూబ్లీ హిల్స్ బంగళాలను ఆనుకుని మిగిలిన ఈ కాసిన్ని బండల మీద నడవడం కూడా ఒక సరదా అని నాకు ఇన్నేళ్లూ తెలియదు. మేం నీళ్లకు నడిచాం, కూలికి నడిచాం, నొప్పులు పడుతున్న ఆడవాళ్లను మంచం మీద మోసుకుంటూ నడిచాం. సరదాకు నడిచిన గుర్తు లేదు.

మొన్న వాళ్లలో ఒకమ్మాయి గుట్ట కింద నన్ను ఆపి ఫోను చూపించింది. అందులో మా గుట్ట ఉంది. దాని మీద ఒక నీలం గీత ఉంది.

"ఇదే కదా అంకుల్ ట్రెక్కింగ్ రూటు?"

"రూటో గీటో నాకు తెల్వదు బిడ్డా. ఇది మా అక్క ఇంటికి పోయే తొవ్వ."

పిల్లలు నవ్వారు. ఆ గీత గుట్ట నెత్తిన రెండు పెద్ద బండల దగ్గర ఆగిపోయింది. అక్కడ గేటు ఉందనీ, ఫొటోలు దిగి వెనక్కి వచ్చేస్తామనీ చెప్పిందా అమ్మాయి. వాళ్లకు అది నడక అయిపోయే చోటు. నాకు సగం దారి.

మా నాయన పాలమూరు నుంచి వచ్చిన రాళ్లు కొట్టే మనిషి. ఈ బంగళాల పునాదుల్లో ఆయన కొట్టిన రాయి ఉంది. బడి ముఖం చూడని నేను గోడల మీది సినిమా పోస్టర్లు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. అప్పట్లో మా బస్తీ ఒక పల్లె లెక్కనే ఉండేది, చుట్టూ అన్నీ కాలిబాటలే. మేకలు వేసిన బాట ఒకటి బోరబండ స్టేషను వైపు దిగేది. సీతాఫలం చెట్ల నడుమ నుంచి పోయే బాట ఇంకొకటి స్టూడియో వెనక తేలేది. ఆ బాట మీదే సినిమా వాళ్లు పల్లెటూరు తీసేవాళ్లు. హీరో పెట్టె పట్టుకుని ఊళ్లోకి నడిచొచ్చే దారి అదే. చూసిన జనం అది ఏ మారుమూల జిల్లానో అనుకునేవాళ్లు.

ఆ బాటలన్నీ పోయాయి. ఒకదాని మీద తారు పడింది, ఒకదాని మీద ప్రహరీ లేచింది, ఒకటి ఎవరి లాన్ కిందనో ఉంది. అడిగినవాడు లేడు. బాటకు పట్టా ఉండదు కాబట్టి బాట పోయిందని కేసు కూడా ఉండదు. మిగిలింది ఒకే ఒక్కటి. గుట్ట నెత్తికెక్కి, రెండు బండల సందులోంచి దూరి అవతలి వాలుకు దిగే తొవ్వ. ఆ వాలులో మా అక్క ఉంటుంది.

అమ్మ పోయాక నన్ను సాకింది అక్కే. ఇప్పుడు ఆమెకు చూపు మసక, ఎడమ కాలూ చేయీ పడిపోయాయి. బావ లేడు, పిల్లలు పుట్టలేదు. ఇంటికి కాగితాలు లేవు. మా బస్తీల్లో మనిషి లేని ఇల్లు పొద్దుగూకేలోపు చేయి మారుతుంది. అందుకే ఆమె గడప దాటదు. నేనుండేది మేడ మీద కిరాయి గది, అందులో ముగ్గురం. పొద్దున అక్కకు వాళ్ల పక్కింటామె ఇంత చాయ్ పోసి బంగళాల్లో పనికి పోతుంది. పగటి అన్నం మా ఇంటిది నేను డబ్బాలో పట్టుకుపోవాలి. అక్క రోజుకు తినేది అదొక్కటే. సందులోంచి దూరితే అన్నం వేడి చల్లారకముందే అక్క ముందు పెట్టేవాణ్ణి.

ఆ సందు మీద ఒక బిల్డరు కన్ను పడింది. మనుషులు వచ్చి టేపు పెట్టి కొలిచారు, కంచె కోసం రాతి కడీలు తెచ్చి కుప్ప పోశారు. ఇలాంటప్పుడు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. జాగా పోతుందనుకున్న చోట ఒక రాయిని కడిగి పసుపు రాస్తారు, బొట్లు పెడతారు, వేపకొమ్మ గుచ్చుతారు. పోచమ్మ వెలిసిందంటారు. ఆ రాయిని పెకిలించే ధైర్యం ఏ బిల్డరుకూ ఉండదు. మా ఆడవాళ్లు ఆ పనే చేశారు. కడీలు పాతేది సరిగ్గా సందులోనే కాబట్టి సందులోని రాయికే బొట్టు పెట్టారు. నీళ్లు నేను మోశాను. అవతలి నుంచి అక్క కొత్త రవిక గుడ్డ పంపింది. కోడిని కోశాం, కల్లు సాక పోశాం. బిల్డరు మనుషులు వచ్చి చూసి, దండం పెట్టుకుని, కడీలు ఎత్తుకుపోయారు. ఆ రోజు బస్తీ అంతా డప్పులు.

అమ్మవారిని ఖాళీగా ఉండనివ్వలేదు జనం. వాకింగుకొచ్చే కాలనీ వాళ్లు ఆగి మొక్కసాగారు. ఎవరో నిర్మాత మొక్కుకుంటే సినిమా ఆడిందట, ఆయన స్లాబు వేయించాడు. టైల్స్ వచ్చాయి, గ్రిల్ వచ్చింది, కమిటీ వచ్చింది, పూజారి వచ్చాడు. కోడి పోయింది. సందు సందంతా గుడి అయి, గుడి వెనక గోడ మా తొవ్వకు అడ్డంగా లేచింది. పక్కన మనిషి పట్టేంత చిన్న గేటు వదిలారు. కొన్నాళ్లు అందులోంచే పోయాను.

ఒకనాడు కమిటీ పెద్ద నన్ను అక్కడే ఆపాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట.

"పెద్దాయనా, ఆ బాక్సులో ఏముందండీ?"

"అన్నం. చేపల పులుసు."

"చూశారా మరి. గుళ్లోంచి నీచు పట్టుకెళ్తే ఎలాగండీ?"

"అమ్మకు కోడిని కోసిన జాగ ఇది. నీళ్లు మోసింది నేనే."

"అదంతా అప్పుడండీ. ఇప్పుడు శాంతి చేయించాం కదా."

"అమ్మకు శాంతి చేయించిన్రు. మా అక్క ఆకలికి ఏం చేయిస్తరు?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. అదే నన్ను కాల్చింది. "కింద చక్కటి రోడ్డుంది, అలా వెళ్లండి. ఈ వయసులో బండలెక్కడం మీకూ మంచిది కాదు" అన్నాడు.

మరునాడు ఉత్త పప్పన్నం పట్టుకుని, చెప్పులు ఇంట్లోనే విడిచిపోయాను. గేటుకు తాళం ఉంది. ఆ తాళం ఇప్పటికీ తియ్యలేదు.

మున్సిపల్ ఆఫీసుకు పోతే, గుడి సంగతైతే మా దగ్గరికి తేకు పెద్దమనిషీ అన్నారు. బస్తీలో ఆడవాళ్లను కూడగడదామని చూశాను. అప్పుడు ముందుండి రాయికి పసుపు రాసినామె నీళ్ల బిందె కూడా దించకుండా చెప్పింది:

"బిల్డర్ మీదైతే లొల్లి చేద్దుము తాతా. అమ్మ మీద ఎవరు చేస్తరు? పెట్టింది మనమే కద."

"పెట్టింది తొవ్వ కోసం."

"గా సంగతి అమ్మకు ఎరుకేనా?" అని ముఖం తిప్పుకుంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. ఆమె పనికి పోయే దారి కూడా అదే మరి.

అక్కకు చెబితే నవ్వింది. "మనమ్మకు తాళం ఏసిన్రా? ఇగ తాళంచెవి ఎవరి దగ్గరున్నదో ఆయిననే మొక్కు."

ఇప్పుడు రోడ్డు మీది నుంచే పోతున్నాను. గుట్ట దిగి, స్టూడియో ముందు నుంచి చుట్టు తిరిగి, మళ్లీ అవతలి ఎత్తు ఎక్కాలి. రోజూ ఆటో ఎక్కే స్థితి నాకు లేదు. ఫుట్‌పాత్ మీద జనరేటర్లు, పూలకుండీలు, సెక్యూరిటీ వాళ్ల కుర్చీలు. నేను పోయేసరికి అన్నం చల్లారిపోతుంది, ఎండ రోజుల్లో పులుస్తుంది. ఒకసారి మోకాళ్లు వాచి రెండు రోజులు లేవలేకపోయాను. మూడో రోజు పోతే అక్క, "నాకు ఆకలైతలేదు తమ్మీ, దినం విడిచి దినం రా" అంది. అంటూనే పళ్లెంలో ముఖం పెట్టి మెతుకు మిగలకుండా తిన్నది. చేతివేళ్లు కూడా నాకింది. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

నిన్న స్టూడియో దాటలేకపోయాను. వ్యాన్లు వరసగా ఆగి ఉన్నాయి. ఒక గోడ నీడన చతికిలబడ్డాను. కుడి మోకాలు ఇక వంగనన్నది. సెక్యూరిటీ అతను వచ్చి, "తాతా, సార్ బండి వస్తది, జర అటు జరుగు" అన్నాడు. జరగడానికి లేవాలి కదా. లేవలేకపోయాను. అతనే చంకల్లో చేతులు పెట్టి అటు జరిపి కూర్చోబెట్టాడు.

ఫోను మోగింది. అక్క పక్కింటామె. ఆ రోజు పని లేక ఇంట్లో ఉన్నట్టుంది.

"తాతా, యాడున్నవ్? మీ అక్క పొద్దటి సంది గడపల కూసున్నది. లోపటికి రమ్మంటే వస్తలేదు. ఇంద, మాట్లాడు."

"తమ్మీ," అంది అక్క. ఫోను చెవికి దూరంగా పెట్టినట్టుంది, గట్టిగా అరిచింది. "ఎందాక వచ్చినవ్‌రా?"

ఎదురుగా ఎత్తు రోడ్డు. దాని చివర మలుపు. మలుపు తర్వాత ఇంకో ఎత్తు.

"వచ్చిన అక్కా. నీ గల్లీ మూల మీదున్న."

"అయితే పళ్లెం కడుగుతున్న," అని ఫోను ఇచ్చేసింది.