మగ్గం మీది వైఫై డబ్బా

సాంబ్రాణి పొగ వాసన వస్తే ఎవరికైనా దేవుడు గుర్తొస్తాడు. నాకు మాత్రం గద్వాలలోని మా ఇల్లు, ఆ ఇంట్లో మగ్గం, ఆ మగ్గం నెత్తిన పచ్చదీపాలు మిణుకుమనిపిస్తూ కూర్చున్న వైఫై డబ్బా గుర్తొస్తాయి. మొన్న హైదరాబాదులో పక్క ఫ్లాటువాళ్లు పొగ వేసుకుంటే, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న నాకు చాలాసేపు పని మీదికి మనసు పోలేదు.

మాది నేత ఇల్లు. ఎండాకాలం గంజి పట్టిన నూలు వాసన, వానాకాలం తడిసిన మట్టిగోడల వాసన, ఏ కాలమైనా కళ్లు తెరవగానే మగ్గం చప్పుడు. నా ఈడు పిల్లలమంతా మగ్గం గుంత పక్కన చేరి, రాలిన పట్టుపోగులు ఏరి బొమ్మలకు జడలు అల్లేవాళ్లం. నాయిన నేసేవాడు. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, కంప్యూటరులో చీర అంచులకు డిజైన్లు గీసేవాడు. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని హంస మెడ ఎటు వంచాలో నన్నే అడిగి, నేను ఏది చెబితే దానికి సరే అని, నేను నిద్రపోయాక చక్కగా దిద్దుకునేవాడు. అంత ప్రేమ నా మీద ఇంట్లో ఇంకెవరికీ లేదని నా గట్టి నమ్మకం.

తాత పోయాక అన్నదమ్ములకు మాటా మాటా వచ్చింది. పెద్దమనుషులు కూర్చుని నట్టింట గోడ పెట్టించారు. ఆ గోడకు ఇటువాళ్లు గానీ అటువాళ్లు గానీ మేకు కూడా కొట్టరాదని ఒప్పందం. అవ్వ మా వైపు ఉండిపోయింది. పాత కంప్యూటరు, ఫోను లైను, దాంతో వచ్చే ఇంటర్నెట్టు కూడా మా వైపే ఉండిపోయాయి. చిన్నాయన అటు కొత్త కంప్యూటరైతే కొన్నాడు గానీ, నెట్టు లేకుండా చీరల షావుకారుకు డిజైన్లు ఎలా పంపుతాడు? ఇక్కడ పని సాగకపోతే వనపర్తిలో బామ్మర్ది దుకాణానికి పోతానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

గోడకు బొక్క పెట్టి తీగ లాగే వీల్లేదు కాబట్టి చిన్నాయన వైఫై డబ్బా తెప్పించాడు. ముఖాలు చూసుకోని అన్నదమ్ములు దానికి మాత్రం నా ద్వారా ఒప్పుకున్నారు. ఆదివారం పూట డబ్బాను బీరువా మీద పెట్టి, జొన్నల గుమ్మి మీద పెట్టి, దేవుడి గూట్లో కూడా పెట్టి గోడ మీదుగా కేకలేశాను.

"వచ్చిందా చిన్నాయనా?"

"ఒక్క గీత వచ్చింది. మల్ల పోయింది. జర పైకి పెట్టు."

చివరికి నాయినే డబ్బా అందుకుని మగ్గం పైన, అంచుల బొమ్మలు తేల్చే జకాట్ పక్కన పెట్టాడు. "మూడు గీతలు!" అని అటునుంచి కేక. నేను గంతులేశాను. నాయిన నవ్వు దాచుకున్నాడు.

కానీ నాయిన మగ్గం తొక్కితే పైనంతా అదిరి, డబ్బాకున్న కరెంటు పిన్ను ఊడేది. తమ్ముడు పని చేయాలంటే అన్న చేతులు కట్టుకుని కూర్చోవాలి, అన్న నేస్తే తమ్ముడి గీతలు పోవాలి. గుడ్డపీలికలతో కట్టి చూశాం, లాభం లేకపోయింది. అందుకే చిన్నాయన అమావాస్య కోసం ఎదురుచూశాడు. ఆ రోజు నేతవాళ్లకు సెలవు, మగ్గం ఆడదు. షావుకారు మార్పులు చెబుతుంటే ఇక్కడ దిద్ది పంపుతూ, మధ్యాహ్నంలోగా ఒక పెద్ద డిజైను తేల్చాలి. ఆ పని దొరికితే వనపర్తి మాట ఎత్తనని నాకు మాటిచ్చాడు.

అమావాస్య పొద్దున ఇల్లంతా భక్ష్యాల మీద కాగే నెయ్యి వాసన. అవ్వ తలకు పోసుకుని, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, పొగ వేసి, మగ్గం మీద ఉంది గనుక డబ్బాకూ బొట్టు పెట్టి, స్విచ్చి తీసేసింది.

"బుజ్జీ, గీతలన్నీ పోయినయ్!" అని గోడ అవతలి నుంచి చిన్నాయన అరిచాడు.

నేను అవ్వ కొంగు పట్టుకుని ఏడ్చాను. "మగ్గమెక్కినంక అది గూడ మగ్గమే. అమాస నాడన్న దాన్ని పండనియ్యి," అంది అవ్వ. నాయిన వైపు చూశాను. తల్లి బొట్టు పెట్టి ఆపినదాన్ని ముట్టుకునే ధైర్యం ఆయనకు లేదు, తల వంచుకున్నాడు. కాసేపటికి, గోడ పెట్టాక మొదటిసారి, చిన్నాయన మా గడప దాకా వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, జర స్విచ్చి ఎయ్యవే. నా పని పోతది."

"లోపటికి రారా. రెండు భక్ష్యాలు తిను. పొద్దు గూకినంక నేనే ఏస్త."

"గంతసేపు ఎవరాగుతరే?"

ఆయన గడప దాటలేదు. నాయిన లోపలికి రమ్మనలేదు. వాళ్లిద్దరి మధ్య నిలబడి నేను ఎవరి చెయ్యి పట్టి లాగాలో తెలియక వెక్కిళ్లు పెట్టాను. చిన్నాయన బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు పరుగెత్తాడు. అక్కడ కరెంటు లేదట.

సాయంత్రం అవ్వ మాట తప్పకుండా స్విచ్చి వేసింది. గోడ దగ్గరికి పోయి "వచ్చిందారా?" అని తనే అడిగింది. అప్పటికే షావుకారు పని ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే చిన్నాయన కంప్యూటరును పాత దుప్పట్లో చుట్టి ఆటోలో పెట్టుకుని వనపర్తి బస్సెక్కడానికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఏ మూల కూర్చున్నా నెట్టు వస్తుంది. అవ్వ లేదు. నాయిన మోకాళ్లు అరిగాక జకాట్ విప్పి అటకెక్కించారు, పొద్దున్నే ఆ చప్పుడూ లేదు. చిన్నాయన పెళ్లిళ్లలో కలుస్తాడు, పలకరిస్తాడు, ఇంటికి మాత్రం రాడు. పోయిన నెల వెళ్లినప్పుడు నాయినను అడిగాను, ఒప్పందం చేసిన పెద్దమనుషులే లేరు, ఇక ఆ గోడ తీసేద్దామా అని.

ఆయన పోయి గోడ మీద చెయ్యి ఆనించాడు.

"తీస్తే అవుతల ఎవరున్నరు బిడ్డా?" అన్నాడు.