నిప్పు అంటని కాళ్లు

నా చిన్నప్పుడు మా తాతకు నిప్పు అంటదని ఊరంతా నమ్మేది. హుజూరాబాద్ దగ్గర మా ఊళ్లో పీర్ల పండుగకు పీరును ఎత్తుకుని నిప్పుల గుండం దాటడం మా ఇంటి మర్యాద. మిగతావాళ్లు గబగబా దాటేస్తే, మా తాత పొలం గట్టు మీద నడిచినట్టు నింపాదిగా నడిచేవాడు. ఆయన మనవరాలినని నేను బడిలో తెగ గొప్పలు పోయేదాన్ని.

ఇంట్లో సంగతి వేరు. తాతకు శక్కర బీమారి, అంటే ఇప్పటి షుగర్. రాత్రయితే అరికాళ్లు మండుతున్నాయని తడిగుడ్డ చుట్టుకునేవాడు. పగలు మాత్రం ముల్లు గుచ్చుకున్నా తెలిసేది కాదు. రెండు ముద్దలకే కడుపు ఉబ్బేది, పొద్దున తిన్నది సాయంత్రానికీ అరిగేది కాదు. అందుకని మా బాపమ్మ జొన్న గట్క పలచగా కాచి, కొంచెం కొంచెంగా పలుమార్లు పెట్టేది. "పసిపోరనికి పెట్టినట్టు పెడ్తున్నవ్" అని తాత గొణుగుతూనే తినేవాడు.

ఒక ఏడు పండుగ మర్నాడు ఆయన కాళ్లు కడుగుతూ బాపమ్మ ఆగిపోయింది. అరికాలు నిండా బొబ్బలు. తాతకు ఆ సంగతే తెలియదు. ఆ పుండు నెలల తరబడి మానలేదు. కాలు తీసేయాల్సి వస్తుందేమోనని కరీంనగర్ డాక్టరు భయపెట్టాడు.

మరుసటి ఏడు గుండం మళ్లీ రాజుకుంది. ఊరి కళ్లన్నీ తాత మీదే. బాపమ్మ వద్దని ఏడ్చింది. నడిస్తే కాలు పోతుంది, నడవకపోతే పరువు పోతుందని నాకు ఒకటే గుబులు. తాత చెప్పులతోనే వచ్చి, గుండానికి దూరంగా ఒక అరుగు మీద కూర్చున్నాడు. చెప్పు విడిచి, మచ్చలు పడ్డ అరికాలు అందరికీ కనబడేలా చాపాడు.

"నాకు నిప్పు అంటకపోవుడు మహిమ కాదురా. గీ బీమారితోని కాళ్లకు సోయి పోయింది. నిరుడు కాలే పోయేదుండె. గీసారి నా కొడుకు ఎత్తుకుంటడు" అన్నాడు.

మా పక్కింటి పెద్దాయన మెల్లగా అరుగెక్కి, "నాయి గూడ మొద్దుబారినయే, జర సూడు" అంటూ తన కాలు చాపాడు. మా బాపు పీరునెత్తుకుని గుండం దాటాడు. ప్రసాదంగా పంచిన తీపి మలీదను తాత కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టాడు. గుండంలో నడిచిన తాత కంటే అరుగు మీద కూర్చున్న తాతను చూసే నాకు ఎక్కువ గర్వమనిపించింది.

ఇప్పుడు నాకూ అదే బీమారి. కొంచెం కొంచెంగా తింటాను, ఇంట్లోనూ చెప్పులేసుకుంటాను, రోజూ అద్దం పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. మొన్న ఆసుపత్రిలో ఒకామె డాక్టరుకు చూపించడానికి సిగ్గుపడి కాళ్లు చీర కింద దాచుకుంటోంది. నేను ఆమె పక్కన కూర్చుని, ముందు నా కాలు చాపాను.