రూతక్క నేర్పినట్టే చేసింది ఝాన్సీ

నిన్న ఉదయం 6.50కి రూతక్క చనిపోయింది.

ఉయ్యూరులో, ఇంటికి దగ్గర్లోని ఆస్పత్రిలో. గుండె ఆగిపోయింది. అరవై ఎనిమిదేళ్లు.

ఏడు దాటాక వాళ్లమ్మాయి సునీత ఫోన్ చేసింది. "మామయ్యా, అమ్మ..." అంది. విజయవాడ నుంచి బయల్దేరి అక్క ఇంటి ముందు బండి ఆపేదాకా నాకు నమ్మకం కలగలేదు. మొన్న సాయంత్రమే అక్క నన్ను వాట్సాప్‌లో తిట్టింది, బీపీ చూపించుకోలేదని.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అక్క రిటైర్డ్ స్టాఫ్ నర్స్. నాకు రక్తసంబంధం లేదు. ఇరవై ఏళ్ల కిందట ఒక వార్త పని మీద వాళ్ల వార్డుకి వెళ్తే, నా దగ్గు విని ముందు ఎక్స్‌రేకి పంపింది. రిపోర్టు చూశాకే మాట్లాడింది.

అప్పట్నుంచి అక్కే.

రిటైరయ్యాక చర్చి హాల్లో సీపీఆర్ క్లాసులు చెప్పేది. గుండె ఆగి పడిపోయిన మనిషిని ఎలా కాపాడాలి, కాపాడేటప్పుడు మనకి జబ్బు అంటకుండా ఎలా చూసుకోవాలి. ఈ రెండోది చాలామంది చెప్పరు. అక్క దాంతోనే మొదలుపెట్టేది.

కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్టాండులో ఒకాయన పడిపోతే నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది. ఆయనకి టీబీ అని తర్వాత తెలిసింది. అక్కకి అంటలేదు. కానీ టెస్టులన్నీ అయ్యేదాకా నెలల పిల్ల సునీతని పుట్టింట్లో వదిలింది. చూడ్డానికి వెళ్లి, గుమ్మం బయటే నిలబడి వచ్చేసేది.

ఒకసారి క్లాసులో నేను తెలిసినట్టు అన్నాను, "కర్చీఫ్ అడ్డం పెట్టుకుని ఊదితే సరిపోతుందిగా అక్కా" అని.

నా కర్చీఫే లాక్కుంది. గాజు గ్లాసు మీద పరిచి రోజ్ షర్బత్ పోసింది. గ్లాసు అడుగంతా ఎర్రగా.

"గోడ అనుకున్నావా తమ్ముడూ? జల్లెడ ఇది. రిపోర్టరువేగా, చూసింది రాసుకో."

హాలంతా ఒకటే నవ్వు.

ఆవిడ చెప్పేది కొంచెమే. అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి. ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కు, ఆపకు. పెద్దవాళ్లు ఉన్నట్టుండి కుప్పకూలితే ముందు కావాల్సింది అదే. నోటి దగ్గర రక్తం ఉంటే నోరు పెట్టకు. గ్లౌజులు లేకపోతే ప్లాస్టిక్ కవర్లు తొడుక్కో. అయ్యాక సబ్బుతో కడుక్కో. నీ చేతి మీద గాయం ఉండి రక్తం తగిలితే డాక్టరు దగ్గరికి వెళ్లు.

కాలువలో మునిగినవాళ్లకి, పిల్లలకి ఊపిరి కూడా కావాలి. అందుకని నోటికి నోరు తగలకుండా ఊదడానికి వాల్వు ఉన్న మాస్క్ ఒకటి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకు తిరిగేది.

ఇక నిన్నటి సంగతి. ఇది రాయడం అందుకే.

6.05కి కుళాయి దగ్గర పడిపోయింది. సిమెంటు గట్టు తగిలి పెదవి చిట్లింది. నోటినిండా రక్తం. ముందు చూసింది ఎదురింటి ఝాన్సీ. టైలరింగ్ చేస్తుంది. అక్క క్లాసుకి రెండుసార్లు వచ్చింది.

భర్తని అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యమంది. కూరగాయల కవర్లు చేతులకి తొడుక్కుని నొక్కడం మొదలుపెట్టింది. అలసిపోతే ఆయన నొక్కాడు, మళ్లీ ఈవిడ. అక్క బ్యాగు ఇంట్లో ఎక్కడుందో తెలియదు, వెతకడానికని ఆపలేదు. 6.20కి అంబులెన్స్ వచ్చింది. అప్పటిదాకా నొక్కుతూనే ఉన్నారు.

నోట్లో ఊదలేదు.

మధ్యాహ్నానికి అక్క ఇంటి ముందు షామియానా కింద ఒకావిడ అంటోంది, "ఎంగిలని ఊదలేదంట."

పక్కావిడ అందుకుంది. "చేతులకి కవర్లు కూడానంట. అంత అసహ్యమైతే ముట్టుకోడం ఎందుకమ్మా?"

ఆ మాటలు ఝాన్సీ చెవిన పడ్డాయి. రోజూ అక్క కంచంలోంచి ముద్ద అందుకుని తినే మనిషి, నిన్న ఆ గుమ్మం ఎక్కలేదు. రోడ్డవతలే నిలబడింది. నేను వెళ్తే ఒక్కటే అడిగింది.

"ఊది ఉంటే ఆంటీ బతికేదా అన్నయ్య గారూ?"

నాకు తెలియదు. తెలియనిది చెప్పలేను. ఆస్పత్రికి వెళ్లి, అక్కని చూసిన డాక్టరుని అడిగాను.

"మొదటి నిమిషాల్లో చెయ్యాల్సింది నొక్కడమే. ఆవిడ చేసింది. రక్తం ఉన్నప్పుడు నోరు పెట్టకపోవడం కరెక్టే. అన్నీ కరెక్టుగా చేసినా కొన్ని గుండెలు తిరిగి కొట్టుకోవండీ."

తిరిగొచ్చి ఈ మాటలే ముందు ఝాన్సీకి చెప్పాను. తర్వాత షామియానా కింద, అందరూ వినేలా.

సునీత లేచింది. రోడ్డు దాటి వెళ్లి ఝాన్సీ చెయ్యి పట్టుకుంది.

"ఏంటే, పరాయిదానిలాగా ఇక్కడ నిలబడ్డావు? రా, అమ్మ దగ్గర కూర్చో."

కూర్చుంది. సాయంత్రం దాకా అక్క పాదాల దగ్గరే.

మన వాళ్లలో ఆ 'ఎంగిలి' మాట విన్నవాళ్లు ఉంటే, ఇది కూడా వినిపించండి. ఝాన్సీ చేసింది అక్క నేర్పిందే, ఒక్కటి కూడా తప్పకుండా.

రూతక్కా, నువ్వు మమ్మల్ని తిట్టి చూసుకున్నావు. ఇక నెమ్మదిగా పడుకో. నీ ఆత్మకి శాంతి కలగాలి.

ఈరోజు సాయంత్రం 4కి చర్చిలో ప్రార్థన, ఆ వెంటనే సమాధుల తోటలో భూస్థాపన.

ఆదివారం ఆరాధన అయ్యాక, 11.30కి అక్క ఒప్పుకున్న సీపీఆర్ క్లాసు ఉంది. రద్దు చెయ్యలేదు. అక్కతో పనిచేసిన నర్సు ఒకరు వచ్చి చెబుతారు. బొమ్మ మీద చేసి చూపించేది ఝాన్సీ.